విండోస్ 11కి మారాక మీ ల్యాప్‌టాప్ ఎవరి పేరు మీద ఉందో చూసుకున్నారా?

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మా చెల్లి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుదామని కూర్చున్నాను. 2020లో కొన్న రైజెన్ 5 3500యూ మెషీన్. 8 జీబీని 16 చేసి, పనిలో పనిగా బయోస్ కూడా అప్‌డేట్ చేశాను. రీస్టార్ట్ అవుతుండగా నల్ల స్క్రీన్ మీద రెండు లైన్లు వచ్చాయి: టీపీఎం రీసెట్ చేయాలా, ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ లేకుండా సిస్టమ్ బూట్ కాదు అని. ఇది విండోస్ హోమ్ ఎడిషనే కదా, ఇందులో బిట్‌లాకర్ ఎక్కడుంటుందిలే అనుకుని వై నొక్కేశాను. వెంటనే నీలం స్క్రీన్. 48 అంకెల రికవరీ కీ ఎంటర్ చేయమంటోంది.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ అసలు విషయం ఆ స్క్రీన్ కింద ఉంది. కీ ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయిందో 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ చిన్న హింట్ ఇస్తుంది, మధ్యలో చుక్కలు పెట్టిన మెయిల్ ఐడీ లాగా. అక్కడ కనిపించిన ఐడీ మా చెల్లిది కాదు. నాదీ కాదు.

"అన్నయ్యా, దీపావళి తర్వాత షాపులో 11 వేయించాను కదా, వాళ్లే ఏదో పెట్టారు" అంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఆ తర్వాత ఊళ్లో చాలామంది చేసినట్టే తనూ షాపుకి వెళ్లి 500 ఇచ్చి విండోస్ 11 వేయించుకుంది. షాపతను క్లీన్ ఇన్‌స్టాల్ చేశాడు. సెటప్ మధ్యలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగితే తన సొంత అకౌంట్ ఇచ్చేశాడు. పిన్ 1234 పెట్టి ల్యాప్‌టాప్ చేతికిచ్చాడు. మూడు నెలలుగా మా చెల్లి రోజూ 1234 కొట్టి వేరేవాళ్ల అకౌంట్‌లోకి లాగిన్ అవుతోంది. తనకి ఆ సంగతే తెలియదు.

మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్లాను. అతను మంచివాడే, దాచింది ఏమీ లేదు. "కస్టమర్ మెయిల్ అడిగితే పాస్‌వర్డ్ గుర్తుండదు తమ్ముడూ, ఓటీపీ రాదు, అరగంట పని రెండు గంటలవుతుంది. అందుకే నాదే పెట్టేస్తా" అన్నాడు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ తెరిచి రికవరీ కీల లిస్టు చూపించాడు. కిందికి స్క్రోల్ చేస్తూనే ఉన్నాడు, ఒక్కొక్క లైను ఒక్కొక్కరి ల్యాప్‌టాప్. కీ ఐడీ మ్యాచ్ చేసుకుని మా నంబర్ రాసుకున్నాను. తర్వాత అనుమానమొచ్చి అతని వన్‌డ్రైవ్ ఒకసారి తెరవమన్నాను. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో మా చెల్లి మార్క్స్ మెమోలు, ఆధార్ స్కాన్, హాస్టల్ ఫొటోలు ఉన్నాయి. వేరే కస్టమర్ల ఫైళ్లు కూడా. 5 జీబీ ఫ్రీ స్టోరేజ్ నిండిపోయి సింక్ ఆగిపోయింది కాబట్టి ఇంతటితో సరిపోయింది.

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్, ప్రైవసీ అనగానే మనమంతా టెలిమెట్రీ గురించే మాట్లాడతాం. మైక్రోసాఫ్ట్ మనల్ని చూస్తోందా, ఏం పంపిస్తోంది అని. దాని సంగతి కూడా కింద చెప్తాను. కానీ నేను చూసినంతలో మన ఊళ్లలో ముందు అడగాల్సింది ఆ ల్యాప్‌టాప్ ఎవరి అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉందో.

ఒక్క అకౌంట్‌తో ఏమేం వెళ్తాయి

విండోస్ 11 హోమ్ మొదటి నుంచీ సెటప్‌లో ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ రెండూ అడుగుతోంది. 22హెచ్2 నుంచి పర్సనల్ వాడకానికైతే ప్రో కూడా అంతే. ఇది తప్పించుకునే ట్రిక్కులను ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. చాలామంది వాడిన బైపాస్ స్క్రిప్ట్‌ని 2025 మార్చిలో ఇన్‌సైడర్ బిల్డ్‌లో తీసేశారు.

రెండో మార్పు 24హెచ్2తో వచ్చింది. డివైస్ ఎన్‌క్రిప్షన్‌కి అంతకుముందు ఉన్న కొన్ని హార్డ్‌వేర్ షరతులను సడలించారు. దాంతో పాత మామూలు ల్యాప్‌టాప్‌లు కూడా అర్హత సాధించాయి. హోమ్ ఎడిషన్‌లో బిట్‌లాకర్ అనే పేరుతో కనిపించదు కానీ, లోపల పనిచేసేది అదే టెక్నాలజీ. నేను పప్పులో కాలేసింది ఇక్కడే. క్లీన్ ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే డిస్క్ దానంతటదే లాక్ అవుతుంది, తాళం చెవి ఆ అకౌంట్‌లోకి వెళ్తుంది. ఇంట్లో ఉన్న వస్తువుకి తాళం చెవి షాపులో ఉన్నట్టు. అతను ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోయినా, అకౌంట్ డిలీట్ చేసినా మన డేటా అంతే సంగతులు. మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కి ఫోన్ చేసినా ఆ కీ వాళ్లు తయారుచేసి ఇవ్వలేరు.

ఇక వన్‌డ్రైవ్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను బ్యాకప్ పేరుతో క్లౌడ్‌కి పంపే ఫీచర్ ఇది. విండోస్ 11 కొత్త సెటప్‌లో స్పష్టంగా అడగకుండానే ఇది ఆన్ అవుతోందని 2024 మధ్యలో టెక్ సైట్లు గమనించి రాశాయి. ఫైండ్ మై డివైస్, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉంటే ఆ అకౌంట్ ఓనర్‌కి ల్యాప్‌టాప్ ఎక్కడుందో మ్యాప్‌లో కనిపిస్తుంది, దూరం నుంచి లాక్ కూడా చేయొచ్చు. హాస్టల్లో ఉండే అమ్మాయి ల్యాప్‌టాప్ విషయంలో ఇది చిన్న విషయం కాదు. ఎడ్జ్ బ్రౌజర్ కూడా అదే అకౌంట్‌తో సైన్ ఇన్ అవుతుంది. అందులో సింక్ ఆన్ అయి ఉంటే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, హిస్టరీ అన్నీ అటే. అదృష్టం కొద్దీ మా చెల్లి క్రోమ్ వాడుతుంది.

మీది ఎలా ఉందో చూడాలంటే సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యువర్ ఇన్ఫో తెరవండి. అక్కడున్న మెయిల్ మీదేనా? లోకల్ అకౌంట్ అని ఉందా? ఈ ఒక్క పని ఇది చదువుతూనే చేసేయండి, పది సెకన్లు పట్టదు.

సరిచేసేటప్పుడు వరుస తప్పితే ఫైళ్లు పోతాయి

వేరేవాళ్ల అకౌంట్ కనిపించగానే కంగారుపడి రిమూవ్ కొట్టకండి. ముందు ఫైళ్ల సంగతి చూడాలి. వన్‌డ్రైవ్‌లో ఫైల్స్ ఆన్ డిమాండ్ అని ఒకటుంది. ఫైల్ పేరు మీ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది కానీ అసలు ఫైల్ క్లౌడ్‌లోనే ఉండొచ్చు. పక్కన మబ్బు గుర్తు ఉంటే అది మీ డిస్క్‌లో లేనట్టే. అలాంటి ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ నొక్కి, అన్నీ దిగేదాకా ఆగండి. అన్నిటికీ పచ్చ టిక్ వచ్చాక మొత్తం ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసుకోండి. అప్పుడే వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆపి, అన్‌లింక్ దిస్ పీసీ కొట్టాలి.

క్లౌడ్‌లో ఉన్న కాపీలు డిలీట్ చేయించడం ఆ తర్వాతే. లింక్ ఉండగానే షాపతను తన ఫోన్‌లో ఫోల్డర్ డిలీట్ చేశాడనుకోండి, అది సింక్ అయి మీ ల్యాప్‌టాప్‌లో కూడా పోతుంది. అతను ఉత్సాహంగా "ఇప్పుడే తీసేస్తా తమ్ముడూ" అని డిలీట్ మీద వేలు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినవి పర్సనల్ అకౌంట్ రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి కాబట్టి అది కూడా ఖాళీ చేయించాలి.

తర్వాత అకౌంట్. యువర్ ఇన్ఫోలోనే లోకల్ అకౌంట్‌కి మారే ఆప్షన్ ఉంటుంది. దానికి మారి, పిన్ మార్చి, కావాలంటే అప్పుడు మీ సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వండి. చివరగా ఎన్‌క్రిప్షన్. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్‌ని ఒకసారి ఆఫ్ చేసి, డిస్క్ పూర్తిగా డీక్రిప్ట్ అయ్యాక మళ్లీ ఆన్ చేయండి. కొత్త కీ తయారవుతుంది. షాపు అకౌంట్‌లో మిగిలిన పాత కీ ఇక దేనికీ పనికిరాదు. మాకు 512 జీబీ ఎస్ఎస్‌డీకి టీ తాగి వచ్చేలోపు అయిపోలేదు, భోజనం చేసి వచ్చేలోపు అయింది.

"అసలు మైక్రోసాఫ్ట్ అకౌంటే వద్దు, లోకల్ చాలు" అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేనూ ఒకప్పుడు అదే పాట పాడేవాణ్ణి. కానీ హోమ్ ఎడిషన్‌లో ఒక మెలిక ఉంది. లోకల్ అకౌంట్ మాత్రమే ఉంటే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయినట్టు కనిపించినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యేదాకా దానికి అసలు రక్షణ మొదలవ్వదు. తాళం వేసి చెవి తాళానికే వదిలేసినట్టు. ల్యాప్‌టాప్ బస్సులో పోతే డిస్క్ తీసి చదివేయొచ్చు. మరోవైపు కీ మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉంటే, చట్టప్రకారం ఆర్డర్ వచ్చినప్పుడు దాన్ని ఇచ్చే వీలు కంపెనీకి ఉంటుంది. రెండింటిలో మీకు ఏది ఎక్కువ జరిగే అవకాశమో చూసుకోండి. రైళ్లలో, పీజీల్లో తిరిగే స్టూడెంట్‌కి దొంగతనమే పెద్ద రిస్క్. అందుకే మా చెల్లికి సొంత అకౌంట్ పెట్టి, రికవరీ కీ ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టాను. ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లకైతే ఈ తంటా లేదు. లోకల్ అకౌంట్‌తోనే బిట్‌లాకర్ ఆన్ చేసి, కీని పెన్‌డ్రైవ్‌లోకో కాగితం మీదికో తీసుకోవచ్చు.

ఇంకో మాట. ఇదంతా క్లీన్ ఇన్‌స్టాల్ కథ. విండోస్ అప్‌డేట్ ద్వారానో ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్‌తోనో 10 మీద నుంచే నేరుగా 11కి వెళ్తే మీ లోకల్ అకౌంట్ మామూలుగా లోకల్‌గానే ఉంటుంది. ఆటోమేటిక్ ఎన్‌క్రిప్షన్ కూడా క్లీన్ ఇన్‌స్టాల్‌కీ కొత్త మెషీన్లకే. "ఫ్రెష్‌గా వేస్తే స్పీడ్ ఉంటుంది" అని షాపుల్లో చెప్తారు, అందులో కొంత నిజం ఉంది. కానీ ప్రైవసీ పరంగా అప్‌గ్రేడే తక్కువ మార్పులు చేస్తుంది. దానికి షాపు కూడా అక్కర్లేదు, వైఫై ఉంటే చాలు.

టెలిమెట్రీ సంగతి

విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న, మొదటి ఏడాది ఫ్రీ అప్‌గ్రేడ్‌తో. అప్పటి నుంచే గొడవ. 2016 జులైలో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ మైక్రోసాఫ్ట్‌కి నోటీసిచ్చింది. అవసరానికి మించి డేటా సేకరిస్తున్నారని, అడ్వర్టైజింగ్ ఐడీ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉందని, 4 అంకెల పిన్‌కి ఎన్నిసార్లు తప్పు కొట్టొచ్చో లిమిట్ లేదని అందులో ఉంది. 2017 ఏప్రిల్‌లో వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్‌తో ప్రైవసీ స్క్రీన్ మారింది. బేసిక్ లెవెల్‌లో సేకరించే డేటా దాదాపు సగానికి తగ్గిందని చెప్పి ఆ జూన్‌లో సీఎన్ఐఎల్ నోటీసు మూసేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో నెదర్లాండ్స్ సంస్థ మాత్రం ఇది తమ చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఇవాళ సెటప్‌లో మనకు కనిపించే ఎస్, నో స్విచ్‌ల వెనకాల ఈ గొడవలున్నాయి. కంపెనీ దయతో ఊరికే వచ్చినవి కావు.

ఇప్పుడు డయాగ్నస్టిక్ డేటా రెండు రకాలు: రిక్వైర్డ్, ఆప్షనల్. మొదటిదానిలో డివైస్ వివరాలు, అప్‌డేట్లు సరిగ్గా ఎక్కాయా లేదా లాంటివి వెళ్తాయి. హోమ్, ప్రో ఎడిషన్లలో దీన్ని ఆపే స్విచ్ లేదు. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లకే ఆ వీలుంది. ఆప్షనల్‌ని మాత్రం తప్పకుండా ఆఫ్ చేయండి. ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారు, మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌లో ఏ సైట్లు చూస్తున్నారు లాంటివి అందులో ఉంటాయి. క్రాష్ అయినప్పుడు మెమరీలో ఉన్నది కూడా పంపొచ్చని, అందులో మీరు అప్పుడు వాడుతున్న ఫైల్ ముక్కలు అనుకోకుండా ఉండొచ్చని మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, డయాగ్నస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్‌లో ఈ స్విచ్ ఉంటుంది. అదే పేజీలో ఇప్పటిదాకా వెళ్లిన డేటా డిలీట్ చేయమని అడిగే బటన్ ఉంది.

నమ్మకం కుదరకపోతే స్టోర్‌లో డయాగ్నస్టిక్ డేటా వ్యూయర్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఫ్రీ యాప్ ఉంది. అది ఇన్‌స్టాల్ చేసి, పై పేజీలో వ్యూ డయాగ్నస్టిక్ డేటా ఆన్ చేస్తే పంపుతున్న ప్రతి ఈవెంట్ కనిపిస్తుంది. డిస్క్‌లో 1 జీబీ దాకా తీసుకుంటుంది కాబట్టి చూశాక ఆఫ్ చేసేయండి. కోడ్ అలవాటున్నవాళ్లకి అది చదవడం సరదాగా ఉంటుంది. మిగతావాళ్లకి పది నిమిషాల్లో నిద్రొస్తుంది.

అడ్వర్టైజింగ్ ఐడీ, పర్సనలైజ్డ్ ఆఫర్స్ లాంటివి కొత్త వెర్షన్లలో రికమండేషన్స్ అండ్ ఆఫర్స్ అనే పేజీలో ఉన్నాయి. అన్నీ ఆఫ్ చేస్తే మీకు పోయేదేమీ లేదు. పెద్ద అప్‌డేట్ల తర్వాత "సెటప్ పూర్తి చేద్దాం" అని ఫుల్ స్క్రీన్ ఒకటి వస్తుంటుంది. అకౌంట్, వన్‌డ్రైవ్ బ్యాకప్ మళ్లీ అక్కడే అడుగుతుంది. నీలం బటన్ కాకుండా చిన్నగా ఉన్న ఆప్షన్ చదివి నొక్కండి. నోటిఫికేషన్స్ పేజీ చివర్లో అడిషనల్ సెట్టింగ్స్‌లో దాన్ని రాకుండా చేయొచ్చు.

రీకాల్ భయం ఎంత నిజం

"విండోస్ 11 వేస్తే స్క్రీన్ అంతా ఫొటోలు తీస్తుంది" అని రీల్స్ తిరుగుతున్నాయి. మీ పాత ఐ5కో రైజెన్‌కో ఇది వర్తించదు. రీకాల్ కావాలంటే కోపైలట్ ప్లస్ పీసీ ఉండాలి, అంటే 40 టాప్స్ ఎన్‌పీయూ, 16 జీబీ ర్యామ్. అయితే భయానికి కారణం లేకపోలేదు. 2024 మే 20న ప్రకటించినప్పుడు కొన్ని సెకన్లకోసారి స్క్రీన్ స్నాప్‌షాట్ తీసి, అందులోని టెక్స్ట్‌ని మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెట్టే డిజైన్ అది. సెక్యూరిటీ రీసెర్చర్ కెవిన్ బ్యూమాంట్ దాని బలహీనతలు బయటపెట్టారు. అలెగ్జాండర్ హాగెనా టోటల్ రీకాల్ అనే టూల్ రాసి ఆ డేటా ఎంత తేలిగ్గా లాగొచ్చో చూపించారు. మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గి, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంచి, ఎన్‌క్రిప్షన్, విండోస్ హెలో తప్పనిసరి చేసి, చివరికి 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది.

మీ మెషీన్‌లో లేకపోయినా అవతలివాళ్ల మెషీన్‌లో ఉంటే మీరు పంపిన మెసేజ్ వాళ్ల స్నాప్‌షాట్‌లో పడుతుంది. అందుకే సిగ్నల్ తన విండోస్ యాప్‌లో స్క్రీన్ క్యాప్చర్‌ని 2025 మేలో డిఫాల్ట్‌గా బ్లాక్ చేసింది. కొత్త ల్యాప్‌టాప్ కొంటుంటే విండోస్ ఫీచర్స్ లిస్టులో రీకాల్ టిక్ తీసేసి పూర్తిగా తొలగించొచ్చు.

10 మీదే ఉండిపోతే?

విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ ప్రోగ్రామ్ ఉంది. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా 1,000 రివార్డ్స్ పాయింట్లు వాడొచ్చు, లేదా విండోస్ బ్యాకప్‌తో సెట్టింగ్స్ సింక్ చేస్తే ఫ్రీ. మూడు దారుల్లోనూ మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. డబ్బు కట్టినా సరే. యూరప్‌లో యూరోకన్స్యూమర్స్ అనే వినియోగదారుల సంస్థ అభ్యంతరం చెప్పాక అక్కడివాళ్లకి బ్యాకప్ షరతు తీసేశారు. మనకు తీయలేదు. మన 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలని ఉంది. అంటే తెలుగులో కూడా. కానీ ఆ నోటీసు వచ్చే సమయానికి ల్యాప్‌టాప్ షాపు టేబుల్ మీద ఉండి, యాక్సెప్ట్ వేరేవాళ్లు నొక్కితే ఏ భాషలో ఉన్నా ఒకటే.

మా నాన్న పాత డెస్క్‌టాప్‌కి టీపీఎం 2.0 లేదు. ఆయన చూసేది పేపర్లు, యూట్యూబ్, కరెంటు బిల్లు. దానికి లైనక్స్ మింట్ వేసేశాను, రెండు వారాలుగా ఫిర్యాదు రాలేదు. షాపతను మాత్రం మొన్న ఫోన్ చేశాడు. తన లిస్టులో ఉన్నవాళ్లలో కొందరి నంబర్లు దొరికాయట, కీలు వాళ్లకి ఎలా పంపాలి, అకౌంట్ ఎలా మార్పించాలి అని అడిగాడు. ఫైళ్లు ముందు, అన్‌లింక్ తర్వాత, డిలీట్ ఆఖర్న అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను. నంబర్లు దొరకనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారన్నాడు.